రోమానికి పురి, ఈగకు ఊపిరి

*అరుదైన ఈకల కోసం మ్యూజియం కిటికీ పగిలిన గాలపు లోకంలో, కుందేలు చెవి మీది నూగుకు మళ్లీ దక్కుతున్న గౌరవం*

బల్ల అంచుకు బిగించిన చిన్న పట్టకారు మొనలో సెంటీమీటరు పొడవైన ఉక్కు కొక్కెం నిలిచి ఉంటుంది. దాని కాడ నుంచి వేలాడే సన్నని దారపు ఉచ్చులో, కుందేలు ముఖం మీద నుంచి కత్తిరించిన గోధుమరంగు రోమాలు పలచగా, అడ్డంగా పరచుకొని ఉంటాయి. ఉచ్చు కింది కొసకు తగిలించిన బరువైన ఇత్తడి పనిముట్టును రెండు వేళ్లతో గిర్రున తిప్పి వదలగానే దారపు పోగులు ఒకదానినొకటి పెనవేసుకుంటూ, నడుమ చిక్కిన రోమాలను నలువైపులకూ విప్పారుస్తాయి. అంతవరకు పలచని పొరగా ఉన్న బొచ్చు చూస్తుండగానే ముళ్లుముళ్లుగా నిక్కబొడుచుకున్న గుండ్రని పేటగా మారుతుంది. ఆ పేటను తడి వేళ్లతో వెనక్కి దువ్వుతూ కొక్కెం మెడ చుట్టూ మూడు నాలుగు చుట్లు తిప్పి ముడివేస్తే, నీటిలో పడిన మరుక్షణం కాళ్లు ఆడించే పురుగు తయారవుతుంది.

ఎరగా వానపామునో పిండి ముద్దనో గుచ్చకుండా, ఈకలతో, రోమాలతో, దారంతో పురుగును పోలిన బొమ్మను కొక్కేనికి కట్టి చేపను మభ్యపెట్టే ఈ పద్ధతిని ఇంగ్లండ్, అమెరికా దేశాల్లో ఫ్లై ఫిషింగ్ అనీ, ఆ బొమ్మను ఫ్లై, అంటే ఈగ అనీ వ్యవహరిస్తారు. ఈగ మెడ చుట్టూ కాళ్ల మాదిరిగా విచ్చుకొని ఉండే వలయాన్ని హ్యాకిల్ అంటారు. శతాబ్దాలుగా ఈ హ్యాకిల్‌కు కోడిపుంజు మెడ ఈకనే ప్రమాణంగా భావిస్తూ వచ్చారు. అయితే 2009లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక చోరీ, 2011లో అమెరికాలో తలెత్తిన ఈకల కరువు ఈ ప్రమాణాన్ని ప్రశ్నకు గురిచేశాయి. ఈక లేకుండా, కేవలం పురి పెట్టిన బొచ్చుతోనే హ్యాకిల్ కట్టే పాత విద్య వైపు చాలామంది చూపు అప్పటినుంచే మళ్లింది.

చేప కంటికి ఏది పురుగు?

ట్రౌట్ అనే చేప చల్లగా, ప్రాణవాయువు పుష్కలంగా ఉండే పారుటేరుల్లో బతుకుతుంది. దాని ఆహారంలో అధికభాగం నీటి అడుగునే దొరుకుతుంది. మేఫ్లై అనే కీటకాన్ని తీసుకుంటే, దాని జీవితంలో సింహభాగం నింఫ్ అనే పిల్లదశలో ఏటి అడుగున రాళ్ల సందుల్లోనే గడిచిపోతుంది. రెక్కలు వచ్చి గాలిలోకి ఎగిరిన తరువాత అది బతికేది కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. నీటి పైన తేలే అందమైన ఈగను మనిషి చూసి మురిసిపోతాడు గాని, చేప పొట్ట నిండేది అడుగున పాకుతూ, ఈదుతూ, పైకి తేలడానికి పెనుగులాడుతూ ఉండే ఆ మసక రూపాలతోనే.

పురి పెట్టిన బొచ్చు బలం ఇక్కడే ఉంది. పుంజు మెడ ఈక పోచలు బిరుసుగా ఉంటాయి కనుక నీటి ఉపరితలం మీద ఈగను నిలబెట్టడానికి అవి భేషుగ్గా పనికివస్తాయి; అదే బిరుసు నీటి అడుగున కొరతగా మారుతుంది, ఎందుకంటే ప్రవాహం ఎంత తోసినా ఆ పోచలు కట్టెలా నిలబడిపోతాయి. జంతు రోమాలకు ఈ ఇబ్బంది లేదు. చాలా క్షీరదాల ఒంటి మీద రెండు పొరల వెంట్రుకలు ఉంటాయి: చర్మాన్ని అంటిపెట్టుకొని మెత్తగా, దట్టంగా ఉండే లోబొచ్చు ఒకటి, దాన్ని దాటుకొని పైకి పొడుచుకువచ్చే పొడవైన, నునుపైన పైవెంట్రుకలు మరొకటి. ఈ రెండూ కలిసి పురిలో పడినప్పుడు లోబొచ్చు సన్నని గాలి బుడగలను పట్టి ఉంచి మెరుపునిస్తుంది, పైవెంట్రుకలు విడివిడిగా కదులుతూ కాళ్ల పని చేస్తాయి. నీటి వేగం ఏ మాత్రం మారినా ఈగ ఆకారం కూడా కొద్దిగా మారుతుంది. చేపను నమ్మించేది ఆ మార్పే.

> మాట వెనుక వస్తువు
>
> డబ్బింగ్: ఈగ ఒంటికి చుట్టడానికి దారానికి అంటించే బొచ్చు. మైనం రాసిన దారం మీద వేళ్లతో నలిపి అంటిస్తారు, లేదా ఉచ్చులో పెట్టి పురి తిప్పుతారు.
>
> హ్యాకిల్: ఈగ మెడ చుట్టూ విచ్చుకునే ఈక లేదా రోమ వలయం, పుంజు మెడ ఈకకు కూడా ఇదే పేరు.
>
> హేర్స్ మాస్క్: కుందేలు ముఖ చర్మం, చెవులతో సహా. చెవి మీద పొట్టిగా, బిరుసుగా, ముక్కు పక్కన మెత్తగా, నుదుటి మీద చారలతో, ఒక్క ముఖం మీదే నాలుగైదు రకాల బొచ్చు దొరుకుతుంది.
>
> డ్రై ఫ్లై, వెట్ ఫ్లై: నీటి మీద తేలే ఈగ మొదటిది, మునిగి సాగే ఈగ రెండవది.

ఈకకు ముందు ఉన్ని

కృత్రిమ ఈగను గురించిన అత్యంత ప్రాచీన వర్ణనల్లో ఒకటి రోమన్ రచయిత ఈలియన్‌ది. సుమారు 1,800 ఏళ్ల కిందట ఆయన మాసిడోనియా ప్రాంతపు జాలరులను గురించి రాస్తూ, వారు కొక్కేనికి ఎర్రని ఉన్ని చుట్టి, దానిపై పుంజు మెడ దగ్గర పెరిగే రెండు మైనపురంగు ఈకలను కట్టి, ఆస్ట్రేయస్ అనే నదిలో మచ్చల చేపలను పట్టేవారని పేర్కొన్నాడు. ఆ వరసలో ముందు వచ్చింది ఉన్ని, తరువాతనే ఈక. 1496లో విన్‌కిన్ డి వర్డ్ లండన్ ప్రాంతంలో అచ్చువేసిన గాలపు వేట గ్రంథంలో పన్నెండు ఈగల వివరాలు ఉండగా, వాటి శరీరాలకు ప్రధానంగా రంగురంగుల ఉన్నినే వాడమని అందులో చెప్పి ఉంది. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని దాన్ని రచించినట్లు సంప్రదాయం చెబుతున్నా, పండితులు ఆ కర్తృత్వాన్ని పూర్తిగా అంగీకరించలేదు.

రోమాల విషయంలో నిజమైన పిచ్చి ప్రేమ చార్లెస్ కాటన్‌లో కనిపిస్తుంది. ఐజాక్ వాల్టన్ 1653లో వెలువరించిన ప్రసిద్ధ గాలపు గ్రంథానికి 1676లో రెండవ భాగం చేర్చిన ఈ కవి, డవ్ నది ఒడ్డున తనకూ వాల్టన్‌కూ కలిసి చేపలు పట్టుకోవడానికి 1674లో చిన్న రాతి ఇల్లు కట్టించుకున్నాడు. ఎలుగుబంటి, ఒంటె, పంది, కుక్క, ఇలా చేతికందిన ప్రతి జంతువు బొచ్చునూ ఆయన ఈగల ముడిసరుకుల్లో చేర్చాడు. బొచ్చును చేతిలో పెట్టుకొని చూస్తే దాని రంగు తెలియదనీ, సూర్యుడికీ కంటికీ నడుమ పట్టుకొని చూసినప్పుడే చేపకు కనిపించే రంగు తెలుస్తుందనీ ఆయన చేసిన సూచన, కింది నుంచి వెలుతురు వైపు చూసే చేప స్థానంలో మనిషిని నిలబెట్టిన తొలి ఆలోచనల్లో ఒకటి. మూడున్నర శతాబ్దాల తరువాత కూడా ఈగలు కట్టేవారు కిటికీ దగ్గర చేసే పని అదే.

హాల్ఫర్డ్ వదిలేసిన ఈగ

19వ శతాబ్దపు చివర ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ సుద్దనేల ఏరుల్లో, ముఖ్యంగా టెస్ట్, ఇచెన్ నదుల ఒడ్డున, డ్రై ఫ్లై ఒక సిద్ధాంతంగా ఎదిగింది. దాని ప్రవక్త ఫ్రెడరిక్ హాల్ఫర్డ్. తేలే ఈగల మీద ఆయన రాసిన గ్రంథం 1886లో వెలువడింది. ఆయన దృష్టిలో ప్రతి కృత్రిమ ఈగ ఒక నిర్దిష్ట కీటకానికి నకలు కావాలి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ ఏరుల్లో అద్భుతంగా పనిచేసిన ఈగల్లో ఒకటి కుందేలు చెవి బొచ్చును బంగారు తీగతో బిగించి కట్టిన చింపిరి రూపం. హాల్ఫర్డ్ స్వయంగా దానితో ఎన్నో చేపలు పట్టాడు. అయినా అది ఏ కీటకానికి నకలో తేల్చి చెప్పలేకపోయిన కారణంగా, చివరి దశలో తన జాబితాలో దానికి చోటివ్వలేదు. సిద్ధాంతం కోసం చేతికి వచ్చిన సత్యాన్ని వదులుకోవడం పండితుల విషయంలో అరుదు కాదు గాని, ఇక్కడ నష్టపోయింది రోమాల విద్య. ఆ ఈగ మసకగా ఉండడమే దాని శక్తి అని హాల్ఫర్డ్ గుర్తించి ఉంటే, తరువాతి ముప్పై ఏళ్ల చరిత్ర వేరుగా ఉండేది.

ఆ గుర్తింపు జి.ఇ.ఎం. స్క్యూస్‌తో వచ్చింది. లండన్‌లో న్యాయవాద వృత్తి చేసుకుంటూ సెలవుల్లో ఇచెన్ ఒడ్డుకు చేరే ఈయన, చేప నీటి అడుగున తింటున్నప్పుడు పైన తేలే ఈగ వేయడంలో అర్థం లేదని 1910లో వెలువడిన తన తొలి పుస్తకంలో వాదించాడు. ఆయన వల్లనే ప్రఖ్యాతికి వచ్చిన మరొక బొచ్చు ఈగ వెనుక ఒక తండ్రీకూతుళ్ల కథ ఉంది. డెవన్‌లోని టివర్టన్ పట్టణంలో పొగాకు దుకాణం నడిపిన ఆర్.ఎస్. ఆస్టిన్ 1900 ప్రాంతంలో పొట్టేలు వృషణాల మీది మెత్తని ఉన్నిని ఇతర రోమాలతో కలిపి ఒక ఈగను రూపొందించగా, స్క్యూస్ దానికి టప్స్ ఇండిస్పెన్సబుల్ అని పేరు పెట్టాడు. గిరాకీ విపరీతంగా పెరిగింది. ఆస్టిన్ మరణానంతరం ఆయన కుమార్తె ఆ ఈగలు కట్టి అమ్ముకుంటూ జీవనం సాగించింది. ఆమెకు అదే ఆధారమని తెలిసిన స్క్యూస్, ఆమె ఆ పని మానేవరకు మిశ్రమం గుట్టును బయటపెట్టలేదు. పొట్టేలు ఉన్ని ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి పోషించింది.

ప్యాంటు తొడ మీద తిరిగిన పురి

అమెరికాలో ఈ విద్యను శాస్త్రంగా మలచినవాడు పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కు చెందిన జేమ్స్ లైజన్‌రింగ్. బ్రాడ్‌హెడ్ ఏటిలో ఏళ్ల తరబడి చేపల తీరును గమనించిన ఈయన, మైనం రాసిన పట్టుదారాన్ని తన ప్యాంటు తొడ మీద పరిచి, దానిపై రోమాలను పలచగా పేర్చి, దారపు రెండవ సగాన్ని వాటిపై మడిచి, అరచేతితో ఒక్క తోపు తోసి పురి ఎక్కించేవాడు. ఇలా ముందుగానే తయారుచేసుకున్న పేటలను గాట్లు పెట్టిన అట్టలకు చుట్టి దాచుకుంటే, రోజులు గడిచేకొద్దీ మైనం బిగిసి బొచ్చు మరింత గట్టిగా నిలిచేది. బొచ్చు తడిసినప్పుడు లోపలి పట్టుదారం రంగు పైకి పారాడి, ఒంట్లో నెత్తురున్న పురుగులాంటి నిగారింపు వస్తుందని ఆయన నమ్మకం. అందుకే ఏ బొచ్చుకు ఏ రంగు దారం అన్న విషయంలో చాలా పట్టింపుగా ఉండేవాడు. ఆయన పుస్తకం వెర్నన్ హైడీ సాయంతో 1941లో వచ్చింది. అదే దారిలో ఆరెగాన్ రాష్ట్రంలోని చిలాక్విన్ గ్రామానికి చెందిన పాలీ రాజ్‌బరో 1965లో నూగు నింఫ్‌ల మీద చిన్న పుస్తకం వెలువరించి, ఈగ నున్నగా ఉండడం కంటే చింపిరిగా ఉండడమే మేలన్న అభిప్రాయాన్ని పశ్చిమ తీరమంతటా పాదుకొల్పాడు.

లైజన్‌రింగ్ పురి ప్రధానంగా ఈగ ఒంటి కోసం. అదే పురిని హ్యాకిల్‌గా మార్చడానికి కావలసింది ఒక చిన్న మెలకువ. రోమాల గుత్తిని చర్మంతో సహా సన్నని పట్టీగా కోసి, కొనలు ఒకే వైపు ఉండేలా క్లిప్పులో బిగించి, చర్మాన్ని కత్తెరతో తీసివేసి, మొదళ్లు మాత్రమే ఉచ్చులోకి ఒకటి రెండు మిల్లీమీటర్లు వెళ్లేలా అమర్చాలి. రోమాలను నడిమికి పెడితే రెండు వైపులా సమానంగా విచ్చుకొని సీసాలు కడిగే కుంచె తయారవుతుంది. మొదళ్లను అంచున పెడితే పొడవైన కొనలన్నీ ఒక పక్కకే మొగ్గి నిజమైన హ్యాకిల్ అవుతుంది. బొచ్చు ఎక్కువైతే పురి బిగియదు, తక్కువైతే దారం బోసిగా కనిపిస్తుంది. పురి చాలకపోతే చుట్టేటప్పుడు రోమాలు ఊడివస్తాయి, మితిమీరితే దారం పుటుక్కున తెగుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన మార్క్ పెటిజాన్ రూపొందించిన పారదర్శకమైన క్లిప్పులు ఈ పనిని చాలా సులభం చేశాయి గాని, కాగితాలు బిగించే మామూలు క్లిప్పుతో కూడా పని జరుగుతుంది. ఉచ్చును తిప్పే ఇత్తడి పనిముట్టు పనితీరులో అచ్చంగా నూలు వడికే తకిలి వంటిది: బరువు కింద ఉండి తన ఊపుతో తానే తిరుగుతూ, పైనున్న పీచును పోగుగా మారుస్తుంది.

> చేప దవడ, పత్తి పోగు
>
> శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు నేయడానికి వడికే పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడ మీది సన్నని పళ్ల వరుస గింజను అంటిపెట్టుకున్న పత్తి పోచలను సమంగా దువ్వి, మలినాలను తీసివేస్తుంది. పోచలు ఒకే దిశలో పడితేనే సన్నని నూలు వస్తుందన్న ఆ సూత్రమే, రోమాలను పురి పెట్టేముందు దువ్వి ఎక్కువైన లోబొచ్చును వేరుచేయడంలోనూ పనిచేస్తుంది.

ఈక ఖరీదు

పక్షి ఈకల మీద మోజు ఎంతదూరం పోయిందో తెలిస్తే గాని రోమాల విలువ తెలియదు. విక్టోరియా రాణి కాలంలో సాల్మన్ చేపల కోసం కట్టిన ఈగలు ప్రపంచ సామ్రాజ్యపు ఈకల ప్రదర్శనశాలలు. టూకాన్, కోటింగా వంటి దక్షిణ అమెరికా పక్షులు మొదలుకొని మన అడవికోడి దాకా అన్నిటి ఈకలూ వాటిలో చేరాయి. ఈ అడవికోడి భారత ద్వీపకల్పానికి మాత్రమే పరిమితమైన బూడిదరంగు జాతి. నల్లమల, శేషాచలం అడవుల్లోనూ ఉంది. దీని పుంజు మెడ ఈకల కొసన మైనం బొట్టు పెట్టినట్లుండే మెరిసే చుక్క, ఈగకు కన్నులా అమరుతుంది. జాక్ స్కాట్ వంటి పేరుపొందిన సాల్మన్ ఈగకు ఈ ఈక లేనిదే పరిపూర్ణత లేదని భావించారు. ఆ డిమాండ్ మన అడవుల్లో ఉచ్చులుగా మారింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పక్షిని వేటాడడం నేరం. బ్రిటన్‌లో నేడు వాడే ఈకల్లో చాలావరకు అక్కడ పెంపకంలో ఉన్న పక్షులవే.

2009 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం కిటికీ పగులగొట్టి లోపలికి చొరబడిన ఒక యువకుడు 299 పక్షి చర్మాలను సూట్‌కేసులో నింపుకొని పోయాడు. లండన్‌లో సంగీతం చదవడానికి అమెరికా నుంచి వచ్చిన అతడు విక్టోరియా కాలపు ఈగలు కట్టడంలో దిట్ట. దొంగిలించిన వాటిలో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి కూడా ఉన్నాయి. కొన్ని చర్మాలు తిరిగి దొరికినా, ఎక్కడ, ఎప్పుడు సేకరించారో తెలిపే చీటీలు చాలావాటికి ఊడిపోయాయి. చీటీ లేని నమూనా శాస్త్రానికి దాదాపు మూగది. ఈ చోరీపై 2018లో వెలువడిన కర్క్ వాలెస్ జాన్సన్ పుస్తకం తరువాత, ఈగలు కట్టేవారిలోనే ఆత్మపరిశీలన మొదలైంది. నీటిలో ఎన్నడూ పడని, అద్దాల పెట్టెలో అలంకారంగా మిగిలే బొమ్మ కోసం ఇంత విధ్వంసం జరగడం ఏ కళాభిమానంతోనూ సమర్థించదగినది కాదు.

మామూలు కోడి ఈకల కథ ఇంత దారుణం కాదు గాని, అదీ ఆలోచించదగినదే. పొడవైన, సన్నని ఈకల కోసం తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన పుంజులు అమెరికాలో ప్రత్యేక ఫారాల్లో ఉంటాయి. సుమారు ఏడాది పెంచిన తరువాత ఈక కోసమే వాటిని చంపుతారు. 2011లో ఆ పొడవైన చారల ఈకలను జడలో అలంకారంగా కట్టుకునే ఫ్యాషన్ అమెరికాను ఊపేయడంతో, సరుకంతా క్షౌరశాలలకు తరలిపోయి, గాలపు దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి, ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. కుందేలు ముఖానికి ఆ బెడద లేదు. మాంసం కోసం చంపిన జంతువు చర్మంలో మిగిలిపోయిన భాగం కనుక దానికి ఫ్యాషన్‌తో పనిలేదు.

తేలే చోట కూడా

బొచ్చు హ్యాకిల్‌కు పరిమితి లేకపోలేదు. నీరు పీల్చుకుంటుంది కనుక సాధారణంగా అది తేలదు. అయితే ఈ నియమాన్ని కూడా న్యూయార్క్ రాష్ట్రంలోని అసేబుల్ నది ఒడ్డున దుకాణం నడిపిన ఫ్రాన్ బెటర్స్ సడలించాడు. మంచు ప్రాంతపు స్నోషూ కుందేలు పాదం అడుగున పెరిగే రోమాలు మెలికలు తిరిగి గాలిని పట్టి ఉంచుతాయని గమనించిన ఈయన, కేవలం ఆ బొచ్చుతో, దారంతో యూజువల్ అనే ఈగను కట్టాడు. అందులో ఒక్క ఈక కూడా లేదు, అయినా ఉధృతమైన ప్రవాహం మీద తేలుతుంది.

ఈగలు కట్టే విద్య వెనుక ఉన్న చేతుల్లో స్త్రీల చేతులు ఎక్కువ. స్కాట్లండ్ ఈశాన్య తీరంలో బ్రోరా దగ్గర చిన్న ఇంట్లో దశాబ్దాల పాటు సాల్మన్ ఈగలు కట్టిన మేగన్ బాయిడ్ (1915–2001) ఎన్నడూ చేపను పట్టలేదు, చంపడం ఆమెకు ఇష్టం లేదు. 1971లో బ్రిటిష్ ప్రభుత్వం పతకం ప్రకటించినప్పుడు, తన కుక్కను చూసుకునేవారు ఎవరూ లేరని లండన్ వెళ్లలేదు. కళ్లు మసకబారేవరకు ఆ బల్ల వదలలేదు. ఇవాళ దుకాణాల్లో దొరికే ఈగల్లో అధికభాగం కెన్యా, శ్రీలంక, థాయ్‌లాండ్ వంటి దేశాల్లోని కార్మికులు కట్టినవి. వాటి డబ్బాల మీద ఆ కార్మికుల పేర్లు ఉండవు.

మన కొండల్లో

ట్రౌట్ భారతదేశానికి వలస పాలకులు తెచ్చిన చేప. స్కాట్లండ్ గుడ్లతో 1900 ప్రాంతంలో కశ్మీర్‌లోనూ, హెచ్.సి. విల్సన్ అనే ఆయన కృషితో ఆ తరువాతి కొద్ది ఏళ్లలో, ఆంధ్ర జిల్లాలు కూడా భాగమైన నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నీలగిరుల్లోనూ ఇది స్థిరపడింది. హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకు నేడు గాలం వేయడానికి వెళ్లే పర్యాటకుల్లో, అమెరికాలో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఏటి ఒడ్డుకు చేరేవారిలో, తెలుగువారు కూడా ఉన్నారు. ఈగలు కట్టడం నేర్చుకోదలచినవారికి ఒక హెచ్చరిక అవసరం: అడవికోడి ఈకే కాదు, మన అడవి కుందేలు బొచ్చు కూడా వన్యప్రాణి చట్టం పరిధిలోకే వస్తుంది. పెంపుడు కుందేళ్ల ఫారాల్లో వృథాగా పారేసే చర్మాలు, గొర్రె ఉన్ని, మేక వెంట్రుకలు, ఇంట్లో కుక్కను దువ్వినప్పుడు దువ్వెనకు చిక్కే బొచ్చు ఇందుకు చాలు. పైవెంట్రుకలూ లోబొచ్చూ రెండూ ఉన్న చర్మం ఎంచుకోండి, దారానికి కాస్త తేనెమైనం రాయండి, అడవి పక్షి ఈకను ఎవరు అమ్మజూపినా కొనకండి.